ఇంటి తెర మీదికి వచ్చిన ప్రింట్ ఎలా ఉందో చెప్పరేం?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ సినిమా పేజీలో వస్తున్న ఓటీటీ సమీక్షల గురించి ఈ ఉత్తరం. థియేటర్లో విడుదలైన రోజు ఒక సమీక్ష వేస్తారు. నాలుగు వారాలకో ఎనిమిది వారాలకో అదే సినిమా ఓటీటీకి వస్తే, మళ్లీ కథ మొదటి నుంచి చెప్పి, హీరో బాగా చేశాడని, సెకండాఫ్ సాగిందని, పాటలు ఫర్వాలేదని రాసి, అవే రెండున్నర చుక్కలు వేస్తున్నారు. ఆ పాటికి కథ ఊరందరికీ తెలుసు. సినిమా ఆడిందో లేదో కూడా తెలుసు. ఇంట్లో రిమోట్ పట్టుకుని కూర్చున్నవాళ్లకు తెలియాల్సినవి వేరే ఉన్నాయి. ఇది థియేటర్లో ఆడిన నిడివేనా, తగ్గించారా, పెంచారా? ఫ్రేం మొత్తం ఉందా? మాటలు టీవీ స్పీకర్లలో వినిపిస్తాయా, సౌండ్‌బార్ ఉండి తీరాలా? పాటలకు సబ్‌టైటిల్స్ వేశారా? వీటిలో ఒక్కదానికీ జవాబు లేకుండా అచ్చయ్యేది పాత సమీక్షే, తారీఖు మారుతుందంతే.

మేం సౌండ్, ఎడిటింగ్, సబ్‌టైటిలింగ్ పనుల్లో ఉన్నవాళ్లం. ఏం చూడాలో, ఎలా చూడాలో రాస్తున్నాం. మీ సమీక్షకులకు ఇందులో చాలా భాగం అరగంట పని.

ముందు నిడివి. సినిమా మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ కొద్ది సెకన్లు తెర మీద ఉంటుంది, పాజ్ చేస్తే చదవొచ్చు. ఇప్పటి సర్టిఫికెట్లలో నిడివి నిమిషాల్లోనే రాస్తున్నారు. పాత సినిమాలకు రీళ్లు, మీటర్లు ఉంటాయి, ఇంకా పాతవాటికి అడుగులు. లెక్క తేలికే. 35 ఎంఎం ఫిల్మ్‌లో అడుగుకు 16 ఫ్రేములు, సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. అంటే నిమిషానికి 90 అడుగులు, మీటర్లలో 27.43. సర్టిఫికెట్ మీద 4,938 మీటర్లని ఉంటే అది 180 నిమిషాల సినిమా. ప్లేయర్లో 165 నిమిషాలే కనిపిస్తే పావుగంట ఎక్కడో పోయిందన్నమాట. పోయినదేదో కనుక్కోవడం కూడా కష్టం కాదు. పాటల పుస్తకమో, పాత ఆల్బమో దగ్గర పెట్టుకుని పాటలు లెక్క చూసుకుంటే సగం తేలిపోతుంది. మొదట కత్తెర పడేది వాటికే, తర్వాత కామెడీ ట్రాక్‌కి.

అదే ప్లేయర్లో 172 నిమిషాల 48 సెకన్లు కనిపిస్తే మాత్రం కంగారు పడక్కర్లేదు, కట్ ఏమీ లేదు. మన దేశపు పాత టీవీ ప్రసార పద్ధతి పేరు పాల్ (PAL). అందులో సెకనుకు 25 ఫ్రేములు. 24 ఫ్రేముల ఫిల్మ్‌ను 25తో నడిపించి టేపుకెక్కించిన పాత మాస్టర్ కాపీల నిడివి సరిగ్గా నాలుగు శాతం తగ్గుతుంది. కట్ లేకపోయినా దోషం ఉంది. శ్రుతి సరిచేయకుండా వదిలేస్తే పాట అర్ధస్వరంలో 70 శాతం మేర పైకి జరుగుతుంది. ఒకటో శ్రుతిలో పాడింది ఒకటిన్నరకు చేరువగా వినిపిస్తుంది. పాత పాటలు చెవిలో నాటుకుపోయినవాళ్లకు 'గొంతు ఏదోలా ఉందే' అనిపించేది ఇందుకే. చాలామంది దాన్ని ప్రింట్ పాతబడటం వల్ల అనుకుంటారు. ఫిల్మ్ పాతబడితే గీతలు పడతాయి, సౌండ్‌లో బుసబుస వస్తుంది. శ్రుతి మాత్రం పెరగదు.

కొత్త సినిమాలకు నిడివి గొడవ ఇంకోలా ఉంటుంది. 'పుష్ప 2' నెట్‌ఫ్లిక్స్‌కి 2025 జనవరి 30న వచ్చినప్పుడు 23 నిమిషాల అదనపు దృశ్యాలతో 'రీలోడెడ్ వెర్షన్'గా వచ్చింది. థియేటర్లో మొదటి వారం చూసినవారి సినిమా వేరు, ఇంట్లో చూసేవారి సినిమా వేరు. అలాంటప్పుడు పాత చుక్కలు ఎలా చెల్లుతాయి? చేర్చిన సీన్లు ఎక్కడొస్తాయి, వాటివల్ల కథకు ఒరిగిందేమిటి, ఇంటర్వెల్ ముందు ఊపు తగ్గిందా అన్నదే అక్కడ సమీక్ష. టీవీ చానెల్లో వేసే ప్రింట్ సంగతి మరొకటి. 'ఎ' సర్టిఫికెట్ సినిమాను టీవీలో వేయకూడదు, కట్స్ చేయించి 'యు/ఎ' తెచ్చుకోవాలి. ఓటీటీకి ఆ నిబంధన లేదు. 2021 నిబంధనల ప్రకారం వాళ్లే యు, 7+, 13+, 16+, ఎ అని వర్గీకరించుకుంటారు. కాబట్టి ఒకే సినిమా ఆదివారం మధ్యాహ్నం చానెల్లో ఒకలా, ఓటీటీలో ఒకలా ఉండొచ్చు. ఏది చూసి రాశారో సమీక్షలో ఒక్క ముక్క వేయండి.

తర్వాత ఫ్రేం. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు'. ఆ తర్వాత మన పెద్ద సినిమాలు ఎక్కువగా స్కోప్‌లోనే వచ్చాయి. స్కోప్ అంటే ఎత్తు ఒకటైతే వెడల్పు 2.39. ఇంట్లో టీవీ 1.78. మొత్తం ఫ్రేం పట్టాలంటే పైనా కిందా నల్ల పట్టీలు రాక తప్పదు. 1,080 గీతల తెరలో బొమ్మకు సుమారు 803 గీతలే దక్కుతాయి. 'డబ్బు పెట్టి కొన్న టీవీలో నల్ల పట్టీలేమిటి' అని విసుక్కునేవాళ్ల కోసం కొన్ని చోట్ల బొమ్మను పెద్దది చేసి తెర నింపేస్తారు. అలా నింపితే పక్కల నుంచి నాలుగో వంతు బొమ్మ పోతుంది. ఇద్దరు ఎదురెదురుగా తెర రెండు చివర్లా నిలబడి మాట్లాడుకునే షాట్‌లో ఇద్దరికీ సగం సగం ముఖాలు మిగులుతాయి. కనిపెట్టడానికి టైటిల్స్ చూడండి. అక్షరాలు అంచులకు ఆనుకుంటున్నా, పేర్లు సగానికి తెగుతున్నా ఫ్రేం కోశారన్నమాటే. కాకపోతే నింద వేసేముందు మీ టీవీలో పిక్చర్ సైజ్ 'ఒరిజినల్' లేదా 'జస్ట్ స్కాన్'లో ఉందో లేదో చూసుకోవాలి. చాలా టీవీలు కొన్నప్పటి సెట్టింగ్‌లోనే అంచులు కాస్త మింగేస్తాయి.

స్కోప్‌కు ముందటి సినిమాలకు ఇంకో ముప్పు. అవి 1.33 ఫ్రేంలో తీసినవి. ఆధునిక టీవీకి సరిపెట్టాలని పైనా కిందా కోస్తే 25 శాతం ఎత్తు పోతుంది. మాటల సీన్లలో ఇది అంతగా తెలియదు. నాట్యం వచ్చేసరికి బయటపడుతుంది. కూచిపూడి జతి నడుస్తుంటే పాదాలు తెర కింద ఉంటాయి. జతి చెవికి వినిపిస్తూంటుంది, కాలు కనిపించదు. కోయకుండా సాగదీస్తే ముఖాలు మూడో వంతు వెడల్పెక్కుతాయి. దీనికి పరీక్ష ఏమిటంటే, బండి చక్రమో పూర్ణచంద్రుడో ఉన్న షాట్ దగ్గర పాజ్ చేసి స్కేలుతో అడ్డంగా, నిలువుగా కొలవండి. రెండూ సమానంగా లేకపోతే సాగదీశారు. ఇక రంగులద్దిన పాత సినిమాలు ఉన్నాయి. 1957 నాటి నలుపు తెలుపు 'మాయాబజార్' ఉంది, 2010లో రంగులతో వచ్చిన ప్రింటూ ఉంది. 'మాయాబజార్ ఓటీటీలో ఉంది, తప్పక చూడండి' అని రాస్తే సరిపోదు. ఏది ఉందో చెప్పాలి.

బొమ్మ నాణ్యత గురించి మీ సమీక్షల్లో కనిపించే ఒకే మాట 'విజువల్స్ రిచ్‌గా ఉన్నాయి'. ఏ తెర మీద రిచ్‌గా ఉన్నాయి? షోరూంలో కళ్లు జిగేల్మనడానికి పెట్టిన 'వివిడ్' మోడ్‌లోనే టీవీని ఇంటికి తెచ్చి అలాగే చూస్తుంటాం. అందులో తెలుపు నీలంగా, చర్మం నారింజగా ఉంటుంది. సమీక్షకు కూర్చునేముందు మూడు పనులు చేయాలి. పిక్చర్ మోడ్ 'సినిమా'కో, 2019లో ప్రకటించిన 'ఫిల్మ్‌మేకర్ మోడ్'కో మార్చాలి. మోషన్ స్మూతింగ్ ఆపాలి. ఒక్కో కంపెనీ దీనికి ట్రూమోషన్, మోషన్‌ఫ్లో అంటూ ఒక్కో పేరు పెట్టింది. ఇది 24 ఫ్రేముల మధ్య లేని ఫ్రేములు కల్పించి సినిమాను సీరియల్‌లా జారుడుగా చేస్తుంది. ఫైట్‌లో చెయ్యి విసిరినప్పుడు అంచుల చుట్టూ బొమ్మ ముద్దగా అలుక్కుంటే అది దీని పనే, గ్రాఫిక్స్ వాళ్లను తిట్టక్కర్లేదు. మూడోది ఎనర్జీ సేవింగ్ ఆపడం. చీకటి సీన్లు కనిపించడం లేదన్న ఫిర్యాదుల్లో కొన్నింటికి అదే కారణం, మిగతావాటికి పగటిపూట కిటికీ తెరిచి చూడటం.

ఇన్ని చేశాక కూడా మిగిలే దోషాలే ప్రింట్‌వి. కోట మీద రాత్రి సీన్, వెనక ముదురు నీలి ఆకాశం, ముందు ఒక కాగడా అనుకోండి. కాగడా వెలుగు ఆకాశంలోకి మెల్లగా కరిగిపోవాలి. అలా కరగకుండా మెట్లుమెట్లుగా వలయాలు కనిపిస్తే దాన్ని బ్యాండింగ్ అంటారు. 8 బిట్ బొమ్మలో ఒక్కో రంగుకు 256 మెట్లు. ఆకాశంలో చీకటి భాగం వాటిలో కొద్ది మెట్లనే వాడుకుంటుంది, అందుకే వలయాలు పడతాయి. 10 బిట్‌లో 1,024 మెట్లు ఉంటాయి కనుక వలయాలు కంటికి ఆనవు. వలయాలకు బదులు చదరపు గళ్లు కదలాడుతుంటే అది బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) తక్కువవడం. వర్షం, పొగ, పూల జల్లు, జాతరలో చల్లే కుంకుమ, ఇలా తెరంతా ఒకేసారి మారిపోయే చోట ముందు తెలిసిపోతుంది. మన మాస్ సినిమాల్లో ఇంట్రో పాటంతా ఇవే కదా, పరీక్షకు వెతుక్కోనక్కర్లేదు. ఒక జాగ్రత్త. ఓటీటీ యాప్ తక్కువ బిట్‌రేట్‌తో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతుంది. మొదటి నిమిషం చూసి ప్రింట్ బాలేదనకూడదు. పది నిమిషాల తర్వాత వెనక్కి వెళ్లి అదే చోటు మళ్లీ చూడాలి.

ఏ ప్లాన్‌లో చూశారన్నదీ చెప్పాలి. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్‌లో బొమ్మ 480 గీతలు దాటదు, బేసిక్‌లో 720. కొన్ని చవక ఫోన్లలో, సినిమా కాపీ కాకుండా కాపాడే వైడ్‌వైన్ రక్షణలో అడుగు స్థాయి అయిన ఎల్3 మాత్రమే ఉంటుంది. వాటిలో ఎంత ఖరీదైన ప్లాన్ ఉన్నా పెద్ద యాప్‌లు హెచ్‌డీ ఇవ్వవు. 4కే చూడాలంటే నెట్ 15 మెగాబిట్స్ ఉండాలంటారు. ఆ వేగంతో గంటకు 6.75 జీబీ, మూడు గంటల సినిమాకు 20 జీబీ. రోజుకు రెండు జీబీ డేటాతో ఫోన్లో చూసేవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది! వాళ్లకు '4కే, డాల్బీ విజన్' అన్న ముక్కతో పనిలేదు, 480లో చీకటి సీన్లు అర్థమవుతాయా అన్నదే కావాలి. 4కే మీద మోజు ఉన్నవాళ్లకూ ఒక మాట: 43 అంగుళాల టీవీకి ఐదున్నర అడుగులు, 55 అంగుళాలదానికి ఏడడుగుల పైచిలుకు దాటి కూర్చుంటే 1080కీ 4కేకీ పిక్సెళ్లలో ఉన్న తేడా మామూలు చూపుకు అందదు. అప్పుడు కూడా 4కే ప్రింట్ బాగుందనిపిస్తే, అది వెలుగునీడల పరిధి పెంచే హెచ్‌డీఆర్ వల్లో ఎక్కువ బిట్‌రేట్ వల్లో.

సౌండ్ మీద మాకు కడుపుమంట ఎక్కువ. 'మాటలు వినపడవు, బీజీఎం మాత్రం గోడలు అదురుతుంది' అని ఇంటింటా వినే ఫిర్యాదు. సమీక్షలో దాని ఊసే ఉండదు. కారణాలు ఇవీ. థియేటర్ మిక్సింగ్ 85 డెసిబెల్స్ ప్రమాణంతో జరుగుతుంది. దాని మీద ఒక్కో చానెల్‌కు ఇంకో 20 డెసిబెల్స్ పేలడానికి చోటు ఉంటుంది. ఇంట్లో ఎవరూ అంత వాల్యూమ్ పెట్టరు. వాల్యూమ్ తగ్గిస్తే బాంబు కన్నా ముందు గుసగుస చచ్చిపోతుంది. ఇంటి కోసం వేరే మిక్స్ చేయాలి, దాన్ని నియర్‌ఫీల్డ్ మిక్స్ అంటారు. కొన్ని సినిమాలకు అది చేయకుండా థియేటర్ మిక్సే ఓటీటీకి ఇచ్చేస్తారు. రెండోది, 5.1 అనే ఆరు చానెళ్ల సౌండ్‌లో మాటలు దాదాపు అన్నీ మధ్య చానెల్‌లో ఉంటాయి. టీవీకి మధ్య స్పీకర్ లేదు, ఆరు చానెళ్లను రెండు స్పీకర్లలోకి తనే కలిపేస్తుంది, ఆ కలపడంలో మాట పలచనవుతుంది.

తప్పు ఎవరిదో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. యాప్‌లో ఆడియో మెనూ తెరిచి '5.1' బదులు మామూలు స్టీరియో ట్రాక్ ఉంటే అది పెట్టండి. మాట తేలితే కలపడంలో టీవీ చేసిన తప్పు. స్టీరియోలోనూ తేలకపోతే మిక్సే అంత. హెడ్‌ఫోన్స్‌లో కూడా ఒకసారి విని చూస్తే అనుమానం తీరిపోతుంది. ఇక సౌండ్‌బార్ పెట్టుకున్నవాళ్లు దాన్ని ఏ తీగతో కలిపారో చూసుకోవాలి. ఆప్టికల్ తీగలో ఓటీటీలు వాడే డాల్బీ డిజిటల్ ప్లస్ వెళ్లదు, తల పైనుంచి కూడా వినిపించే అట్మాస్ సౌండ్ వెళ్లదు. టీవీ సౌండ్‌ను సౌండ్‌బార్‌కు పంపే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీలో ఓటీటీ అట్మాస్ వెళ్తుంది. బ్లూరే డిస్క్‌లోని ట్రూహెచ్‌డీ సౌండ్ వెళ్లాలంటే దాని కొత్త రూపం ఈఏఆర్‌సీ కావాలి. 'అట్మాస్ అదిరింది' అని రాసిన సమీక్షకుడు ఆప్టికల్ తీగ మీద విని రాశాడంటే అదిరింది ఇంకేదో అయ్యుండాలి.

భాషా ట్రాకులు, సబ్‌టైటిల్స్. 'ఆర్ఆర్ఆర్' 2022 మే 20న ఓటీటీకి వచ్చినప్పుడు తెలుగు ట్రాక్ జీ5లో, హిందీ ట్రాక్ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాయి. విదేశాల్లో ఎంతోమంది మన సినిమాను హిందీ డబ్బింగ్‌లో చూసి మెచ్చుకున్నారు. అమెరికాలోని మనవాళ్లు పక్కింటివారికి చూపించాలన్నా అదే దొరికింది. ఏ వేదిక మీద ఏ భాష ఉందో చెప్పడం అంత ముఖ్యం. పక్క రాష్ట్రాల సినిమాల తెలుగు డబ్బింగ్‌కు ఇంకో పరీక్ష పెట్టాలి. మాటలు తీసేసి సంగీతం, ఎఫెక్టులు మాత్రం ఉండే ఎం అండ్ ఈ ట్రాక్ ఇస్తేనే డబ్బింగ్ నిండుగా వస్తుంది. అది లేని పాత సినిమాలకు మాటతోపాటు అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు, వాన అన్నీ పోతాయి. మనిషి మాట్లాడుతుంటే గది మూగగా ఉంటుంది. అది విన్న వెంటనే రాయండి.

సబ్‌టైటిల్స్‌కు లెక్కలున్నాయి. వరసకు 42 అక్షరాలు, రెండు వరసలు, ఎంత పెద్ద మాటకైనా ఏడు సెకన్లు మించి ఉంచరు. మన హీరోల డైలాగులు ఆ లెక్కల్లో ఇమడవు. రెండు వరసలు చదివేలోపు మూడోది వచ్చి పడుతుంది. పాటలకు సబ్‌టైటిల్స్ ఎగ్గొట్టడం మామూలైపోయింది. తెలుగు సరిగా రాని రెండో తరం పిల్లలతో కలిసి చూసే కుటుంబాలకు అక్కడే చిక్కు, కథ పాటలో ముందుకు నడిచి ఉంటుంది. 2023 సెప్టెంబర్ 1 నుంచి ఓటీటీలకూ పొగాకు హెచ్చరికలు తప్పనిసరి అయ్యాయి. పొగ తాగే సీన్ ఉన్నంతసేపూ తెర కింద హెచ్చరిక ఉండాలి. కొన్ని యాప్‌లలో సబ్‌టైటిల్స్ సరిగ్గా దాని మీదికే వచ్చి కూర్చుంటాయి. సినిమా అంతా చుట్ట కాల్చే విలన్ ఉంటే అతని మాటలన్నీ చదవలేనివే. వినికిడి లోపం ఉన్నవారికి తెలుగు సినిమాకు తెలుగులోనే క్యాప్షన్లు ఉన్నాయా అన్నది కూడా రాయాలి. థియేటర్ల విషయంలో కేంద్ర సమాచార ప్రసార శాఖ 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంటి తెర విషయంలో వాకబు చేసి చెప్పాల్సింది మీలాంటి పత్రికలే.

వెబ్ సిరీస్‌ల గురించి పెద్దగా చెప్పేది లేదు, ఒక్కటి తప్ప. ఎన్ని ఎపిసోడ్లు చూసి రాశారో మొదటి వరసలో వేయండి. ముందస్తుగా పంపే స్క్రీనర్లలో మొదటి మూడో నాలుగో ఎపిసోడ్లే ఉండటం కద్దు, గ్రాఫిక్స్ పూర్తికాని కాపీలూ ఉంటాయి. మూడు చూసి ఎనిమిదింటికి చుక్కలు వేయడం న్యాయం కాదు.

మీ పేజీ అసలే పట్టించుకోనివి కచేరీ రికార్డింగులు. డిసెంబర్ సీజన్‌లో చెన్నై సభల కచేరీలు డబ్బు కట్టి ఇంట్లో చూసే వీలుంది. పుష్య బహుళ పంచమినాటి తిరువయ్యారు పంచరత్న గోష్ఠిని దూరదర్శన్ ఇస్తుంది. ఊళ్లలో సభలు యూట్యూబ్‌లో పెట్టేవాటికి లెక్కే లేదు. పాడేది త్యాగరాజ కీర్తన, సాహిత్యం మన తెలుగు. తెలుగు పత్రికలో మాత్రం సమీక్ష ఉండదు. ఉన్నా 'శ్రోతలను ఓలలాడించారు' అన్న ఒక్క వాక్యం.

కచేరీ రికార్డింగ్‌లో ముందు వినాల్సింది తూకం. చాలా సభల్లో హాలు మైకుల మిక్సర్ నుంచే నేరుగా రికార్డింగ్ తీస్తారు. చిన్న హాల్లో వయొలిన్, మృదంగం వేదిక మీంచే నేరుగా జనానికి వినిపిస్తాయి కనుక మిక్సర్‌లో వాటిని తగ్గించి గాత్రం పెంచుతారు. హాల్లో అది సరిగానే ఉంటుంది. రికార్డింగ్‌లో గాత్రం చెవిలో అరిచినట్టు, వయొలిన్ పక్క గదిలో ఉన్నట్టు తేలుతుంది. దీనికి విరుగుడు రికార్డింగ్‌కు వేరే మిక్స్, హాల్లో మార్మోగే సౌండ్ కోసం మరో రెండు మైకులు. మృదంగానికి రెండు వైపులా మైకులు ఉండాలి. తొప్పి (ఎడమ) వైపు మైకు లేకపోతే గుంకీలనే బరువైన నాదాలు పోయి, వలంతల (కుడివైపు) టంకారమే మిగులుతుంది. టీవీ స్పీకర్లు అసలే 100 హెర్ట్జ్ కింద ఏమీ పలకవు, కాబట్టి తొప్పి గురించి తీర్పు చెప్పేముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలి.

ఇంకో దోషం ఈమధ్య ఎక్కువైంది. ఫ్యాన్ల చప్పుడు తీసేద్దామని రికార్డింగ్‌కు నాయిస్ రిడక్షన్ వేస్తారు. ఆ సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఎడతెగకుండా ఒకేలా మోగేది ఏదైనా రొదే. కచేరీలో అలా మోగేది తంబుర. ఫ్యాన్‌తోపాటు తంబురా పోతుంది. మిగిలిన చోట గొంతు చివర్లలో నీళ్లలోంచి వస్తున్నట్టు గలగల చేరుతుంది. ఆలాపనలో గాయకుడు ఆగిన చోట చెవి పెట్టి వినండి. తంబుర నాదం నిలవకుండా నిశ్శబ్దంలోకి పడిపోతే ఇదే జరిగింది. తొప్పి మీద గట్టి దెబ్బ పడినప్పుడల్లా గాత్రం ఒక్క క్షణం కుంగి లేస్తుంటే అది సౌండ్ హద్దు దాటకుండా నొక్కిపట్టే లిమిటర్‌ను ఎక్కువ బిగించడం. యూట్యూబ్ తన ప్రమాణం మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సగటు సౌండ్ తీవ్రతకు కొలత) దాటిన సౌండ్‌ను తగ్గిస్తుంది. తక్కువగా ఉన్నదాన్ని పెంచదు. కచేరీ మెల్లగా ఉండి మధ్యలో ప్రకటన గూబ పగలగొట్టేది ఇందుకే. ఆ ప్రకటనలు ఆలాపన మధ్యలో పడకుండా కృతికీ కృతికీ నడుమ పెట్టుకునే వీలు ప్రకటనల ఆదాయం తీసుకునే చానెళ్లకు ఉంది. పెట్టుకోలేదంటే బద్ధకం, అలాగే రాయండి.

బొమ్మకీ సౌండ్‌కీ పొత్తు చూడాలంటే తని ఆవర్తనం, అంటే మృదంగం లాంటి లయ వాద్యాలు మాత్రమే మోగే భాగం, మంచి చోటు. దెబ్బ పడటం కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది. సౌండ్ బొమ్మకన్నా 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా మనిషి పసిగడతాడని అంతర్జాతీయ ప్రమాణం. 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేం 40 మిల్లీసెకన్లు. కచేరీ మొదట్లో పాడే వర్ణం దగ్గర సరిగ్గా ఉండి తని దగ్గరికి వచ్చేసరికి జారితే, సౌండ్‌ను వేరే రికార్డర్ మీద తీసి తర్వాత అతికించారని అర్థం. రెండు యంత్రాల గడియారాల మధ్య పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా రెండు గంటల్లో 144 మిల్లీసెకన్లు అవుతుంది. కచేరీ మొదట్లో ఒకచోట, చివర్లో ఒకచోట చూస్తేగానీ ఇది దొరకదు. పది నిమిషాలు విని రాసేవాళ్లకు ఎప్పటికీ దొరకదు.

కెమెరా పని కూడా సమీక్షించాలి. వయొలిన్ ఆలాపన వంతు వచ్చినప్పుడు కెమెరా వయొలిన్ మీదికి వెళ్లిందా? తాళం వేసే చెయ్యి ఫ్రేంలో ఉందా? నేర్చుకునే పిల్లలు చూసేది ఆ చేతినే. క్లోజప్ మోజులో చెయ్యి కోసేస్తే వాళ్లకు ఆ వీడియో ఎందుకూ కొరగాదు. తని మొత్తం ఉంచారా, కత్తిరించారా? ఏ కృతి ఏ నిమిషంలో మొదలవుతుందో కింద ఇచ్చారా? ఇవ్వకపోతే మీరే ఇవ్వండి. కృతి, రాగం, తాళం, మొదలయ్యే సమయం వరసగా అచ్చువేస్తే అది కత్తిరించి దాచుకునేవాళ్లు ఉన్నారు. సినిమా పాటల లైవ్ షోల వీడియోలకు మాత్రం ఒకే ప్రశ్న: వేదిక మీద పాడారా, మైనస్ ట్రాక్ (గొంతు తీసేసిన రికార్డు సంగీతం) మీద పాడారా, పాడినట్టు పెదవులు కదిపారా? పెదవికీ మాటకీ కుదిరిందో లేదో ప, బ, మ దగ్గర చూడండి, పెదవులు మూయకుండా ఆ అక్షరాలు పలకవు.

ఇవన్నీ పెద్ద వ్యాసంలా రాయమని అడగడం లేదు. సమీక్ష పక్కన చిన్న గడి వేయండి. వేదిక, చూసిన తేదీ, నిడివి, థియేటర్ నిడివితో తేడా, ఫ్రేం, ఆడియో ట్రాకులు, సబ్‌టైటిల్స్ ఉన్న భాషలు, పాటలకు ఉన్నాయా లేదా, వయసు వర్గం, చూసిన టీవీ సైజు, సౌండ్ ఎక్కడ విన్నారో. సినిమాకు ఒక చుక్కల వరస, ప్రింట్‌కు వేరే వరస వేయండి. అద్దెకిచ్చే సినిమాలైతే గడువు కూడా రాయాలి. ప్రైమ్‌లో అద్దె కడితే మొదలుపెట్టడానికి 30 రోజులు, మొదలుపెట్టాక ముగించడానికి 48 గంటలు. తెలియక శనివారం సగం చూసి, మిగతాది వచ్చే శనివారానికి దాచుకున్నవాళ్లకు మళ్లీ డబ్బు ఖర్చు.

చూసిన తేదీ ఎందుకంటే, ఓటీటీ సంస్థలు చెప్పాపెట్టకుండా ఫైలు మారుస్తుంటాయి. మొదటి వారం మాట వినపడని సినిమాకు రెండో వారం కొత్త మిక్స్ రావొచ్చు. ఉన్న పాట హక్కుల గొడవతో పోవచ్చు. అలా మారినట్టు పాఠకులు రాస్తే సరిచూసి, తర్వాతి శుక్రవారం అదే గడిలో కొత్త తేదీతో ఒక వరస వేయగలరా?

ఇట్లు,
సౌండ్, ఎడిటింగ్, సబ్‌టైటిలింగ్ విభాగాల్లో పనిచేసే కొందరు పాఠకులు,
హైదరాబాద్